కార్డు లిమిట్‌ని నమ్ముకుని ట్రావెల్ గిటార్ కొంటారా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 62,000. పని మీద నెలలో సగం రోజులు విశాఖ, చెన్నై, పుణె తిరుగుతాను. ఎక్కువగా రైల్లోనే, ఎప్పుడో ఒకసారి విమానం. హోటల్, క్యాబ్ ఖర్చులు నేనే కార్డు మీద పెట్టుకుంటే నెలన్నరకు కంపెనీ తిరిగిస్తుంది. కాలేజీలో కొన్న ఎలక్ట్రిక్ గిటార్ గదిలోనే పడి ఉంటోంది. ప్రయాణాల్లో వాయించుకోవడానికి 1,37,000 రూపాయల హెడ్‌లెస్ గిటార్ (మెడ చివర తల లేని రకం) చూసి 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. మిగతా 1,32,000కు క్రెడిట్ కార్డు మీద 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. దానికి తోడు యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) కోసం ఒక యాప్‌లో 25,000 లోన్ అప్రూవ్ అయింది. నెలకు 2.5 శాతం ఫ్లాట్ వడ్డీ, 10 నెలలు. ఇంకా తీసుకోలేదు. నా ఖర్చులు: అద్దె, తిండి 17,000, ఇంటికి 15,000, బైక్ ఈఎంఐ 4,800, ఇతరత్రా 12,000, లక్ష రూపాయల చీటీకి 5,000 (20 నెలల్లో 8 కట్టాను). బ్యాంకులో 40,000 ఉన్నాయి. కంపెనీ ఆరోగ్య బీమా నాకు మాత్రమే. నాన్నకు షుగర్ ఉంది, బీమా లేదు. ఎమర్జెన్సీ వస్తే 1,50,000 లిమిట్ ఉన్న కార్డు ఉంది కదా. వారాంతాల్లో కెఫేల్లో వాయిస్తే నెలకు 8,000 దాకా వస్తాయనుకుంటున్నాను. ఈఎంఐ తీసుకోవడం మంచిదా, చీటీ పాడుకుని ఒకేసారి కట్టేయడం మంచిదా?
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. ఆ గిటారూ ఇప్పుడు వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం గిటార్ కాదు, అందులోని ఒక వాక్యం. ‘ఎమర్జెన్సీ వస్తే కార్డు ఉంది కదా’ అన్నారు. ఈ మాట నాకు తరచూ వినిపిస్తుంది. ఒకరు కెమెరా కొంటూ అంటారు, ఒకరు బైక్ మారుస్తూ అంటారు, ఇంకొకరు ఇంటికి పెద్ద టీవీ తెస్తూ అంటారు. కార్డు లిమిట్ మీ డబ్బు కాదు. బ్యాంకు మీకు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు అది. దాన్ని ఎప్పుడైనా తగ్గించుకునే హక్కు బ్యాంకుకు ఉంది. ఉద్యోగంలో ఇబ్బంది వచ్చి ఒకట్రెండు వాయిదాలు తప్పిన రోజునే, అంటే మీకు అది అత్యవసరమైన రోజునే, ఆ లిమిట్‌కు కత్తెర పడుతుంది.

మీ విషయంలో అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. గిటార్‌ని ఆ కార్డు మీద ఈఎంఐగా మార్చుకున్న నిమిషంలోనే లిమిట్‌లో అంత మొత్తం బ్లాక్ అవుతుంది. వాయిదాలు కడుతున్న కొద్దీ కాస్త కాస్తగా విడుదలవుతుంది. మొదటి నెలల్లో మీకు మిగిలేది 20, 30 వేలు. ఇప్పుడు మీ ఉద్యోగాన్ని తలచుకోండి. చెన్నైలో ఐదు రోజుల పని. హోటల్ వాళ్లు చెకిన్ అప్పుడే కార్డు గీస్తారు. అక్కడి నుంచి పుణె వెళ్లాలి, టికెట్ మీరే కొనాలి. కంపెనీ నుంచి మునుపటి ట్రిప్ క్లెయిమ్ ఇంకా రాలేదు. మూడో రోజు రాత్రి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాలి, అడ్మిషన్‌కు 50 వేలు కట్టమంటున్నారని. ఆ సమయంలో మీరు నమ్ముకున్న కార్డు గిటార్ షాపు దగ్గర తాకట్టులో ఉంటుంది. బ్యాంకులో ఉన్న 40,000 మీ ఒక నెల ఖర్చుకే చాలదు.

ఊళ్లు తిరిగే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఎమర్జెన్సీ ఫండ్ మిగతావారి కంటే ఎక్కువ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మీరు ప్రతి నెలా కంపెనీకి నెలన్నర పాటు చేబదులు ఇస్తున్నారు. ఆ డబ్బు కాగితం మీద మీదే, అవసరానికి మాత్రం చేతిలో ఉండదు. చీటీ పక్కన పెడితే మీకు తప్పనిసరి ఖర్చు నెలకు 48,800. దానికి ఆరు రెట్లు, అంటే దాదాపు 2,93,000 మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఉన్నది 40,000. ఈ తేడా పూడ్చకుండా లక్ష దాటిన వాద్యం గురించి ఆలోచించడం నాకు అర్థం కాని విషయం.

ఇక మీరు రాసిన అంకెల్నే కూడి చూద్దాం. జీతం 62,000, ఖర్చులూ చీటీ కలిపి 53,800. మిగిలేది 8,200. గిటార్ ఈఎంఐ 7,333, యాప్ లోన్ వాయిదా 3,125. మొత్తం 10,458. మొదటి నెల నుంచే 2,258 లోటు. ఆ లోటును పూడ్చేది కెఫేల్లో వస్తాయనుకుంటున్న 8,000. ఇప్పటివరకు ఒక్క రూపాయి కూడా రాని ఆదాయం అది. నెలలో సగం రోజులు ఊళ్లో ఉండని మీకు కెఫే వాళ్లు ప్రతి శనివారం ఎలా కేటాయిస్తారు? రాని ఆదాయాన్ని చూపించి వచ్చే అప్పును సమర్థించుకోకండి. ముందు ఆరు నెలలు వాయించి సంపాదించి చూపించండి. వచ్చింది ప్రత్యేకంగా దాచండి. అప్పుడు ఆ గిటార్ ఆ డబ్బుతోనే కొనుక్కోవచ్చు, నేను అడ్డు చెప్పను.

‘నో కాస్ట్’ అన్న మాటకు కూడా పడిపోవద్దు. జీరో శాతం వడ్డీ అనేది లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట ఉంటుంది. షాపువాళ్లు దాన్ని ధరలో కలుపుతారు, లేదా నగదు ఇస్తే మీకు దక్కాల్సిన తగ్గింపును దానికి మళ్లిస్తారు. బ్యాంకు వడ్డీ 16 శాతం అనుకుంటే మీ 18 వాయిదాల్లో సుమారు 15,300 వడ్డీ దాగి ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2,750 దాకా మీ స్టేట్‌మెంట్‌లో నెలనెలా చిన్న చిన్న ముక్కలుగా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోయారా, మిగతా బాకీ మీద నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులకు అంతకంటే ఎక్కువ వడ్డీ మొదలవుతుంది. కొత్తగా గీసిన హోటల్ బిల్లుకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది.

యాప్ లోన్ సంగతి ఇంకా ఘోరం. ‘నెలకు 2.5 శాతం’ అని రాశారు. ఫ్లాట్ వడ్డీ అంటే మీరు సగం అప్పు తీర్చేసిన తర్వాత కూడా మొత్తం 25,000 మీదే వడ్డీ కడతారు. పది నెలల్లో 31,250 కట్టే ఈ అప్పు అసలు వడ్డీ ఏడాదికి 51 శాతం. ముందే వెయ్యి రూపాయల ఫీజు, దానిపై జీఎస్టీ కోసుకుని 23,820 చేతిలో పెట్టారనుకోండి, అది 60 శాతం దాటుతుంది. లోన్ ఇచ్చే ముందు కీలక వివరాల పత్రం చూపించాలి, అందులో ఏపీఆర్ అనే అంకె, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం, ఉండాలి. మీకు వచ్చిన పత్రంలో ఆ అంకె ఎంతో చూడండి. చూశాక కూడా సరదా కోసం ఈ వడ్డీకి అప్పు తీసుకోవాలనిపిస్తే ఇక నా సలహాతో పనిలేదు.

చీటీ ఇప్పుడు పాడితే పాటలో వదులుకున్నది పోను మీ చేతికి వచ్చేది లక్షకు చాలా తక్కువ, ఆపైన పన్నెండు వాయిదాలు మెడకు చుట్టుకుంటాయి. పాడొద్దు, చివరి దాకా ఉంచండి. ఆ చీటీ రిజిస్టర్ అయినదో కాదో మాత్రం ఈ వారమే కనుక్కోండి. పర్సనల్ లోన్, గోల్డ్ లోన్ గురించి మీరు అడగలేదు, అడగనే వద్దు.

గిటార్ సంగతికి వస్తాను. నా క్లయింట్లలో కచేరీల కోసం ఊళ్లు తిరిగే వాద్యకారులు ఉన్నారు, వాళ్లను అడిగాను. అందరూ ముందు అడిగిన ప్రశ్న ఒకటే: ‘ఆయన దేనిలో తిరుగుతాడు?’ రైలు అని చెప్పగానే, ఉన్న గిటార్‌నే తీసుకెళ్లమన్నారు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ పొడవు మీటరు. మంచి మెత్తని సంచిలో పెడితే లోయర్ బెర్త్ కింద పడుతుంది, అప్పర్ బెర్త్‌లో గోడవైపు ఆనించి పక్కనే పడుకోవచ్చు. ఇబ్బందల్లా విమానంలోనే. దేశీయ విమానాల్లో క్యాబిన్ బ్యాగుకు సాధారణంగా 7 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 115 సెంటీమీటర్ల పరిమితి. హెడ్‌లెస్‌ని కూడా సంచితో కొలిస్తే ఆ పరిమితి అంచునో, కాస్త పైనో ఉంటుంది. గేటు దగ్గర ఉన్నవాళ్లు ఒప్పుకుంటేనే లోపలికి. అంటే ఏ ఇబ్బంది తప్పించుకోవడానికి లక్షా ముప్పై ఏడు వేలు పెడుతున్నారో, అది పూర్తిగా తప్పదు.

హెడ్‌లెస్ గిటార్లు చెడ్డవని కాదు. స్కేల్, అంటే మోగే తీగ పొడవు, మామూలు గిటార్ అంతే ఉంటుంది, బరువు చేతికి సమంగా కూర్చుంటుంది, ట్యూనింగ్ బాగా నిలుస్తుంది. గంటల తరబడి నిలబడి వాయించేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. హోటల్ గదిలో మంచం అంచున కూర్చుని అరగంట సాధన చేసుకునేవారికి అంత అవసరం లేదు. ఒక చిన్న చిక్కు కూడా ఉంది. స్టైన్‌బర్గర్ అనే కంపెనీ తరహా హెడ్‌లెస్‌లకు రెండు కొసల్లోనూ గుండు ఉన్న ప్రత్యేకమైన తీగలు కావాలి. విశాఖలో రాత్రి తొమ్మిదింటికి తీగ తెగితే ఏ మ్యూజిక్ షాపులో దొరుకుతాయి? మీరు చూసినది మామూలు తీగలు పట్టే రకమేనా అని అడిగారా?

విమానంలోనూ తీసుకెళ్లాలని గట్టిగా ఉంటే షార్ట్ స్కేల్ గిటార్లు, అంటే తీగ పొడవు తక్కువ ఉన్నవి, చూడండి. ఐబానెజ్ మైక్రో స్కేల్ 22.2 అంగుళాలు, స్క్వయర్ మినీ స్ట్రాట్ 22.75. పూర్తి సైజు స్ట్రాట్ గిటార్‌కు ఇది 25.5. ఇవి 20 వేల అటూఇటూ దొరుకుతాయి, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువ. పొడవు తగ్గడం వల్ల తీగ బిగువు తగ్గుతుంది. కంపెనీ వేసిన సన్న తీగలతో వాయిస్తే మెత్తగా, శ్రుతి జారుతున్నట్టు ఉంటుంది. 10 లేదా 11 గేజ్ (కాస్త మందమైన) తీగలు వేయించుకుంటే చాలావరకు సర్దుకుంటుందని ఆ వాద్యకారులు చెప్పారు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దాటాక వేళ్లు ఇరుకు పడతాయి, అది అలవాటు కావాల్సిందే. చిన్న బాడీ ఒళ్లో జారుతుంది కాబట్టి కూర్చున్నా స్ట్రాప్ వేసుకోమన్నారు. సెకండ్ హ్యాండ్ కొంటే మెడ వంగిందేమో ఆ కొస నుంచి ఈ కొసకు కన్ను పెట్టి చూడండి, ప్రతి ఫ్రెట్ దగ్గర ఒక్కో తీగ మీటి గరగర వస్తుందేమో వినండి, జాక్‌లో కేబుల్ కదిపి చూడండి.

యాంప్‌కు 25,000 అప్పు అసలు ఎందుకు? హోటల్ గదిలో స్పీకర్ పెట్టి వాయిస్తే పక్క గదివాళ్లు ఊరుకోరు. మీకు కావాల్సింది జాక్‌లో నేరుగా గుచ్చుకునే అగ్గిపెట్టెకు కొంచెం పెద్దదైన హెడ్‌ఫోన్ యాంప్. వాక్స్ యాంప్లగ్ లాంటివి రెండు చిన్న బ్యాటరీలతో నడుస్తాయి, ధర ఐదు వేల చుట్టుపక్కల. చెవులకు వినబడేంత చాలు, సౌండ్ పెంచకండి. ఫోన్‌లో తాళం లెక్క వినిపించే మెట్రోనోమ్ పెట్టుకుని, ఏసీ గదిలోకి వచ్చిన ప్రతిసారీ ముందు శ్రుతి సరిచూసుకుని మొదలుపెట్టండి.

ఇప్పుడు నెలకు మిగిలే 8,200ని ఇలా విడగొట్టండి. జీతం పడిన రోజే 6,500 ఎమర్జెన్సీ ఫండ్‌కు, 1,700 గిటార్‌కు. ఏడాదిలో ఫండ్‌కు 78,000 చేరతాయి. ఉన్న 40,000, చీటీ చివర్లో కమీషన్ పోను వచ్చే సుమారు 95,000 కలిపితే 2,13,000. నాలుగు నెలల ఖర్చు పైమాటే. కొంత స్వీప్ ఇన్ డిపాజిట్‌లో (పొదుపు ఖాతాకు ముడిపడిన ఫిక్సెడ్ డిపాజిట్), కొంత లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టండి. ఒక నెల ఖర్చు మాత్రం జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో, యూపీఐకి లింక్ చేయకుండా ఉంచండి. అదే ఏడాదిలో గిటార్ పక్కన 20,400 ఉంటాయి. మినీ స్ట్రాట్ లాంటిది నగదుతో వస్తుంది. చీటీ అయిపోయాక నెలకు 5,000 అదనంగా మిగులుతుంది కాబట్టి తర్వాతి సంవత్సరం ఫండ్ సులువుగా పూర్తవుతుంది.

నాన్నగారి బీమా గురించి కంపెనీ హెచ్ఆర్‌ను అడగండి. పాలసీ రెన్యువల్ సమయంలో మీ ఖర్చుతో తల్లిదండ్రుల్ని చేర్చే వీలుంటే చేర్చండి. వీలు లేకపోతే విడిగా పాలసీ తీసుకోండి. ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. ప్రీమియం భారమైతే గిటార్‌కు పెట్టే 1,700 ముందు ఇటు మళ్లించండి.

యాప్‌లో ఆ లోన్ ఆఫర్‌ను ఈ రోజే తిరస్కరించండి. పొరపాటున డబ్బు ఖాతాలో పడితే కూలింగ్ ఆఫ్ గడువులోనే, అంటే లోన్ వద్దనుకుని వెనక్కి ఇచ్చేయడానికి ఇచ్చే రోజుల్లోనే, అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడొచ్చు, పెనాల్టీ ఉండదు. ఆ తర్వాత షాపుకు వెళ్లి ఆర్డర్ రద్దు చేయండి. అడ్వాన్స్ 5,000 తిరిగి ఇవ్వలేమని వాళ్లంటే గొడవ పెట్టుకోకండి, దానికి బదులు హెడ్‌ఫోన్ యాంప్, ఒక సెట్ తీగలు ఇమ్మని అడగండి. వచ్చే వారం విశాఖ రైలుకు మీ కాలేజీ గిటార్ సిద్ధమవుతుంది.