బరువైన బంపర్, బండెడు డౌట్లు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇనుము చుట్టూనే తిరుగుతున్నాయి. ఆఫ్‌రోడ్ బండికి బంపర్లు, స్కిడ్ ప్లేట్లు (బండి కడుపుకి రాళ్ళు తగలకుండా కింద బిగించే రేకులు), రాక్ స్లైడర్లు (తలుపుల కింద రాళ్ళు తగలకుండా బిగించే గొట్టాలు) కొనేవాళ్ళవి, కొని తల పట్టుకున్నవాళ్ళవి. వేరే సబ్జెక్ట్ అడిగినవాళ్ళు ఏమనుకోకండి, మీవి వచ్చేసారి.

ప్రశ్న: నా ఫోర్ బై ఫోర్‌కి స్టీల్ ఫ్రంట్ బంపర్ ఆన్‌లైన్‌లో చూశాను. బరువు 45 కిలోలని పేజీలో క్లియర్‌గా రాశారు. తీరా షిప్పింగ్ కోట్ అడిగితే 108 కిలోలకి చార్జ్ అంటున్నారు. ఇదేంటని గట్టిగా అడిగితే "పెట్టె పెద్దది సార్" అన్నారు. ఎంత పెద్ద పెట్టె అయితే మాత్రం అట్ట 63 కిలోలు ఉంటుందా అండీ? ఇది మోసమేనా?

జవాబు: మోసం కాదు గానీ ముందే చెప్పకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. విమానంలో పంపే కొరియర్లు కాటా మీద బరువొక్కటే చూడరు, పెట్టె పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు, వచ్చిన నంబర్‌నీ అసలు బరువునీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీస్కుంటారు. మీ పెట్టె 180, 60, 50 అయ్యుంటుంది. గుణిస్తే 5,40,000, దాన్ని 5000తో భాగిస్తే సరిగ్గా 108. బంపర్ లోపలంతా బోలు కదా, మీరు కట్టేది ఎక్కువ ఆ ఖాళీకే.

అందుకని బేరం ఆడాల్సింది బంపర్ ధర దగ్గర కాదు, పెట్టె కొలతల దగ్గర. పైన ఉండే గొట్టం హూప్ విప్పి పక్కన పెట్టి ప్యాక్ చేస్తారా అని అడగండి, చాలా మోడల్స్‌లో అది బోల్టుల మీదే ఉంటుంది. ఎత్తు 50 నుంచి 35కి తగ్గిందనుకోండి, లెక్క 108 నుంచి 76 కిలోల లోపుకి దిగిపోతుంది, మీరు రూపాయి డిస్కౌంట్ అడగకుండానే. మూడు ముక్కలుగా వచ్చి ఇంట్లో బోల్టులు బిగించుకునే డిజైన్లు కూడా ఉన్నాయి, వాటికి ఇంకా తగ్గుతుంది. పనిలో పనిగా పొడవు కూడా చూస్కోండి, 120 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి విడిగా హ్యాండ్లింగ్ చార్జ్ వేసే కంపెనీలు చాలా ఉన్నాయి, పెద్ద కొరియర్ల మామూలు పార్సిల్ సర్వీసులో ఒక్కో పెట్టె బరువు 70 కిలోల దగ్గర ఆగిపోతుంది, ఆపైన అయితే ప్యాలెట్ (ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే బల్ల) మీద సరుకుగానే వెళ్ళాలి.

అర్జెంట్ లేకపోతే ఓడలోనో లారీలోనో రప్పించుకోండి. ఓడలో ఒక క్యూబిక్ మీటర్‌ని ఒక టన్నుతో సమానంగా చూస్తారు, మీ పెట్టె సగం క్యూబిక్ మీటర్ పైచిలుకు, అంటే చాలాచోట్ల కనీస చార్జీ దగ్గరే తేలిపోతుంది. కాకపోతే దిగే రేవులో హ్యాండ్లింగ్, డాక్యుమెంట్లు, డెలివరీ ఆర్డర్ అంటూ విడివిడిగా బిల్లు వేస్తారు, అవి సరుకు చిన్నదైనా పెద్దదైనా ఇంచుమించు అంతే ఉంటాయి. కాబట్టి "ఓడ కిరాయి ఎంత" అని కాదు, "సరుకు నా చేతికొచ్చేదాకా మొత్తం ఎంత" అని రాతపూర్వకంగా తీస్కోండి.

స్కిడ్ ప్లేట్లకి ఈ లెక్క తిరగబడుతుంది. అవి రేకులు, ఒకదాని మీద ఒకటి పేరిస్తే పల్చటి పెట్టె. 90, 70, 12 సెంటీమీటర్ల పెట్టె సైజు లెక్కలో 15 కిలోలే, లోపల స్టీల్ మాత్రం 25 ఉంటుంది, అక్కడ అసలు బరువుకే కడతారు. అదే బండి ఉన్న ఫ్రెండ్స్ నలుగురు కలిసి ఒకే ప్యాలెట్ మీద నాలుగు సెట్లు తెప్పించుకుంటే మనిషికి పడేది బాగా తగ్గుతుంది. బంపర్లకి ఈ ట్రిక్ అంతగా పనిచెయ్యదు, ఒకదాంట్లో ఒకటి ఇమడవు.

ప్రశ్న: స్కిడ్ ప్లేట్ స్టీల్ తీస్కోవాలా అల్యూమినియం తీస్కోవాలా? అల్యూమినియం అయితే షిప్పింగ్ కలిసొస్తుంది కదా.

జవాబు: కలిసొస్తుంది, కానీ మీరు అనుకున్నంత కాదు. ఒక చదరపు మీటరు 3 మిల్లీమీటర్ల స్టీల్ రేకు సుమారు 23.5 కిలోలు, అదే సైజు అల్యూమినియం అయితే 3 మిల్లీమీటర్లు చాలదు, వంగడాన్ని ఆపే విషయంలో అది స్టీల్‌లో మూడో వంతే, అందుకని 5 లేదా 6 మిల్లీమీటర్లు వేస్తారు, 6 అయితే 16 కిలోలు. తేడా ఉంది, మూడింతలు మాత్రం లేదు.

మీరు నిజంగా రాళ్ళ మీద బండి కడుపు ఆనించి లాగే టైపు అయితే నా ఓటు స్టీల్‌కే. స్టీల్ రాయి మీద జారుతుంది, అల్యూమినియం మెత్తన, రాయి అందులోకి దిగి గీరుకుంటూ పట్టేస్తుంది. స్టీల్ వంగితే విప్పి నేల మీద పెట్టి సుత్తితో సరిచేస్కోవచ్చు, ఏ వెల్డింగ్ షాపులో అయినా అతుకు వేస్తారు. అల్యూమినియం చిరిగితే దానికి చెయ్యి తిరిగిన వెల్డర్ కావాలి, పైగా వెల్డ్ వేసిన చోట గట్టిదనం తగ్గుతుంది. దూరాలు తిరుగుతూ అప్పుడప్పుడు మాత్రమే రాళ్ళు తగిలేవాళ్ళకి అల్యూమినియం సుఖం, ముందు స్ప్రింగుల మీద బరువు పడదు.

ఏది తీస్కున్నా పేజీలో మందం చూసి ఆగిపోకండి, కింది వైపు ఫోటో అడగండి. బోల్టు తలలు బయటికి పొడుచుకొస్తున్నాయా లేక గుంటలో దిగి ఉన్నాయా చూడండి. బయటికి ఉంటే రాయి మీద నాలుగుసార్లు ఈడిస్తే తల గుండ్రంగా అరిగిపోయి స్పానర్ పట్టదు, తర్వాత ఆయిల్ మార్చాలన్నా గ్రైండర్ పెట్టి కోస్కోవాలి. ఆయిల్ దించడానికి ప్లేట్‌లో కన్నం ఉందా, ఆ కన్నం మీ ఇంజిన్ ప్లగ్ కిందే పడుతుందా అన్నది ఇంకోటి. అల్యూమినియం ప్లేట్‌కి స్టీల్ బోల్టులు పెడితే తడికి ఆ రెండూ కలిసే చోట తినేస్తుంది, బిగించేటప్పుడే యాంటీ సీజ్ (బోల్టు పట్టెయ్యకుండా పూసే పేస్ట్) పూసెయ్యండి. ఇంకో మాట, ఎండుగడ్డిలో తిరిగితే ప్లేట్‌కీ సైలెన్సర్ గొట్టానికీ మధ్య గడ్డి చేరుతుంది, బండ్లు అంటుకునేది ఇలాగే, సాయంత్రం ఆపినప్పుడు కింద చెయ్యి పెట్టి లాగెయ్యండి, గొట్టం చల్లారాక.

ప్రశ్న: వేరే దేశం నుంచి తెప్పిస్తున్నాను. అమ్మేవాడు "ఇన్వాయిస్‌లో తక్కువ రాస్తాను, కస్టమ్స్ డ్యూటీ మిగులుతుంది" అంటున్నాడు. పర్లేదా?

జవాబు: వద్దు. చట్టం సంగతి సరే, అది తప్పే, దొరికితే జరిమానా, సరుకు పట్టుకోవడం. కానీ అది పక్కన పెట్టినా మీకే నష్టం, దారిలో పెట్టె పోయినా వంగినా ఇన్సూరెన్స్ వాడు చూసేది ఆ ఇన్వాయిస్‌నే, సగం రాస్తే సగమే వస్తుంది. అసలు ఇన్సూరెన్సే తీస్కోకపోతే రవాణా కంపెనీ ఇచ్చేది కిలోకి ఇంత అన్న లిమిట్ వరకే, దాంతో కొత్త బంపర్ రాదు.

డ్యూటీ లెక్క మీరే ముందు వేస్కోండి. బండి విడిభాగాలు కస్టమ్స్ వాళ్ళ వస్తువుల కోడ్‌లో 8708 కింద వస్తాయి, అందులో బంపర్లు 8708.10, ఈ మొదటి ఆరంకెలు ఎక్కడైనా ఒకటే, తర్వాత అంకెలూ రేటూ దేశాన్ని బట్టి. చాలా దేశాల్లో డ్యూటీ వస్తువు ధర మీదే కాదు, దానికి కిరాయీ ఇన్సూరెన్సూ కలిపి మొత్తం మీద వేస్తారు, అంటే పైన చెప్పిన ఆ 108 కిలోల కిరాయి మీద మళ్ళీ పన్ను. కోట్‌లో డీడీపీ అని ఉంటే డ్యూటీ అమ్మేవాడిది, డీఏపీ అని ఉంటే మీది. ఏదీ రాయకుండా "డోర్ డెలివరీ" అంటే నమ్మి కూర్చోకండి, గుమ్మం ముందు బిల్లు పట్టుకుని నిలబడతారు.

చెక్క పెట్టెలో పంపిస్తే చెక్క మీద మామూలుగా హెచ్‌టీ అన్న ముద్ర ఉండాలి. అంటే లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని, పురుగు రాకుండా. ముద్ర లేని చెక్క వల్ల మంచి సరుకు కూడా రేవులో ఇరుక్కుంటుంది. ప్లైవుడ్‌కి ఈ గొడవ లేదు, కుదిరితే అదే అడగండి.

ప్రశ్న: బంపర్ వచ్చింది, డ్రైవర్ తొందరపెడితే సంతకం పెట్టేశాను. ఇప్పుడు విప్పి చూస్తే ఒక బ్రాకెట్ వంగి ఉంది, బోల్టుల ప్యాకెట్ లేదు. అమ్మేవాడు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళని అడగమంటున్నాడు, వాళ్ళేమో మీరు ఓకే అని సంతకం పెట్టారు కదా అంటున్నారు.

జవాబు: ముందు ఆ అట్ట, నురగ, చెక్క ఏదీ పారెయ్యకండి. పెట్టె నాలుగు వైపులా, చిరిగిన మూల, లేబుల్, వంగిన బ్రాకెట్ స్కేల్ పెట్టి ఫోటోలు తీసి ఈరోజే ఇద్దరికీ మెయిల్ చెయ్యండి, ఫోన్లో మాట్లాడితే లెక్కలోకి రాదు. గడువులు చాలా చిన్నవి, అంతర్జాతీయ విమాన సరుకుకి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 14 రోజుల్లో రాతలో చెప్పాలి, ఓడ సరుకులో పైకి కనపడని డ్యామేజీకి హేగ్ రూల్స్ ప్రకారం 3 రోజులే, లోకల్ లారీలకి వాళ్ళ రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. గడువు దాటినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు గానీ విమాన సరుకులో దాదాపు అయిపోయినట్టే.

బోల్టుల ప్యాకెట్ కోసం బంపర్ గొట్టాల లోపల, బ్రాకెట్ల వెనక ఒకసారి చెయ్యి పెట్టి వెతకండి, టేప్ ఊడి అక్కడికి దొర్లుతుంది. నిజంగానే లేకపోతే దానికోసం నెల ఆగక్కర్లేదు, సైజూ గ్రేడూ (బోల్టు బలం చెప్పే నంబర్) అమ్మేవాడి దగ్గర రాయించుకుని బయట కొనుక్కోండి. బంపర్ పట్టే చోట 8.8 కంటే తక్కువ గ్రేడ్ వెయ్యొద్దు, 10.9 రాసి ఉంటే 10.9 మాత్రమే.

మిగతావాళ్ళకి: డ్రైవర్ వెయిట్ చెయ్యనంటే సంతకం పక్కనే "కుడి మూల చిరిగింది, లోపల లోహం కనపడుతోంది" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. "చూసుకున్నాక చెప్తాం" అన్న రాత ఎందుకూ పనికిరాదు. ఇంకా ప్యాలెట్ అయితే లారీకి వెనక లిఫ్ట్ ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే డ్రైవర్ కిందికి దించడు, దించాల్సిన డ్యూటీ కూడా అతనిది కాదు. మనుషులు లేకపోతే గోడౌన్‌కి వెళ్ళి తెచ్చుకోవడమే నయం, చాలాసార్లు చార్జీ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: "మీ మోడల్‌కి పర్ఫెక్ట్ ఫిట్" అని రాశారు. ఇంక చూస్కోవాల్సింది ఏమైనా ఉందా?

జవాబు: చాలా ఉంది, ఎందుకంటే ఇంత బరువైనది సరిపోకపోతే వెనక్కి పంపే కిరాయి మీదే, పైగా రీస్టాకింగ్ చార్జీ అని కొంత కోస్తారు, రెండూ కలిపితే చాలామంది ఆ ఇనుమును మూలన పడేసుకుని ఊరుకుంటారు. కాబట్టి అనుమానాలన్నీ డబ్బు కట్టకముందే తీర్చుకోవాలి.

మోడల్ పేరు చాలదు, ఛాసిస్ నంబర్ ఇచ్చి అడగండి. ఫేస్‌లిఫ్ట్ (అదే మోడల్‌కి మధ్యలో చేసే మార్పులు) ముందా తర్వాతా, స్టీరింగ్ ఎడమా కుడా, గేర్లు మాన్యువలా ఆటోమేటికా, వీటిని బట్టి సైలెన్సర్ గొట్టం దారీ గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబరూ మారతాయి, స్కిడ్ ప్లేట్ కన్నాలు అక్కడే తప్పుతాయి. బంపర్ అయితే పార్కింగ్ సెన్సర్లకి కన్నాలు ఉన్నాయా, ముందు రాడార్ ఉన్న బండైతే దాన్ని ఎక్కడ బిగిస్తారు, బిగించాక కాలిబ్రేషన్ ఎవరు చేస్తారు అన్నవి అడగాలి. ఎయిర్‌బ్యాగ్ కంపాటిబుల్ అన్న మాటకి అర్థం ఏంటో కూడా అడగండి. టెస్ట్ చేశారా, లేక సెన్సర్‌ని ముట్టుకోలేదు అంతేనా? ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. అలాంటి బంపర్ మీ దగ్గర రోడ్డు మీద చెల్లుతుందా, మీ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా అన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి.

బరువు విషయం ఎవరూ చెప్పరు. 45 కిలోల బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) ఇంకో 30, తీసేసిన కంపెనీ బంపర్ 15 తగ్గించండి, నికరంగా 60. అది ముందు ఇరుసుకి 80 సెంటీమీటర్లు ముందు వేలాడుతుంది, రెండు ఇరుసుల మధ్య 280 సెంటీమీటర్లు ఉన్న బండిలో ముందు ఇరుసు మీద పడేది 60 కాదు, 77, వెనక ఇరుసు మీద 17 తగ్గుతుంది కూడా. ముందు కిందికి వంగి, బ్రేక్ వేస్తే ముక్కు దిగిపోతుంది. స్ప్రింగులు మార్చే ఖర్చు కూడా బంపర్ ఖర్చులోనే రాస్కోండి, లేదా స్టీల్ రోప్ బదులు సింథటిక్ రోప్ ఉన్న వించ్ తీస్కోండి, కొన్ని కిలోలు అక్కడే తగ్గుతాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ బంపర్ కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు, దూరం నుంచి ఫోటోలు చూసి మాత్రం వద్దు. మౌంటింగ్ కన్నాలు గుండ్రంగా ఉండాలి, కోలగా సాగి ఉంటే ఎక్కడో గట్టిగా గుద్దినట్టు. వెల్డ్ పక్కన కొత్త పెయింట్ కనపడితే గోకి చూడండి.

ప్రశ్న: రాక్ స్లైడర్లకి షిప్పింగే వస్తువు ధర అంత ఉంది. దారి ఉందా?

జవాబు: ఉంది, కిట్ కొనండి. లేజర్ కట్ చేసిన బ్రాకెట్లూ ప్లేట్లూ మాత్రం పల్చటి పెట్టెలో వస్తాయి, గొట్టం మీరు దగ్గర్లో కొని మంచి వెల్డర్‌తో వేయించుకోవచ్చు, 3 మిల్లీమీటర్ల కంటే పల్చటి గొట్టం మాత్రం తీస్కోవద్దు. పౌడర్ కోటింగ్ కూడా అన్నీ బిగించి సరిపోయాయని చూశాకే వేయించండి. ఇదంతా ఛాసిస్ ఫ్రేమ్ ఉన్న బండికి, ఫ్రేమ్ లేని మోనోకాక్ బండి అయితే స్లైడర్ దేనికి బిగిస్తున్నారో ముందు కంపెనీ డ్రాయింగ్ చూడాలి, మీ బండి మోడల్ రాసి మళ్ళీ పంపండి.