కొత్తగా బిగించిన పీసీ మాటిమాటికీ ఆగిపోతోంది, ఏ పార్టు పోయినట్టు?

విజయనగరంలో ఇంట్లోనే బిగించుకున్న పీసీకి రోజూ బ్లూ స్క్రీన్ వస్తోందన్నారు, అదీ ఒక్కోసారి ఒక్కో ఎర్రర్‌తో. ముందు ర్యామ్‌ని అనుమానించండి. బయాస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్, ఆపేసి, ఒక్కో ర్యామ్ స్టిక్కే పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా, అదే స్టిక్‌ని వేరే స్లాట్‌లో పెట్టి చూడండి. అక్కడా వస్తే స్టిక్ వాపసే. శ్రీకాకుళంలో నాదీ ఇదే గొడవ. విండోస్ రెండుసార్లు మళ్లీ వేశాను, శుద్ధ దండగ.

బ్లూ స్క్రీన్ కూడా లేకుండా ఠక్కున ఆరిపోతుంటే పవర్ సప్లై, లేదా ప్రాసెసర్ వేడి చూడాలి. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారా? నవ్వకండి, మర్చిపోయేవాళ్లున్నారు. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీ కనిపిస్తే, సరిగ్గా షట్‌డౌన్ కాలేదనే దానర్థం; ఏ పార్టు పోయిందో అది చెప్పదు.