పాపకు బ్రేసు వేయండి, మీ బెల్టు తీసేయండి

ప్రశ్న: మేడమ్, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా పెద్దపాపకు 12 ఏళ్లు, ఇంకా పెద్దమనిషి కాలేదు. దసరాకు డ్రెస్సు కొలతలు తీస్తూ టైలరమ్మ ఒక భుజం పైకి ఉందన్నది. హన్మకొండలో ఎక్స్‌రే తీయిస్తే వెన్ను 28 డిగ్రీలు వంకర ఉందని, బ్రేసు (ఒంటి చుట్టూ బిగించే గట్టి పట్టీ) వేయాలని డాక్టరు చెప్పారు. బ్రేసు వేస్తే నలుగురికీ తెలిసి రేపు సంబంధాలు రావని చుట్టాలంటున్నారు. మూడు నెలలు మర్దన చేస్తే సాపు అవుతుందని ఇంకొకాయన చెబుతున్నాడు. పుస్తకాల బ్యాగు బరువుకే ఇలా అయిందా? నాకూ మిర్చి ఏరి ఏరి నడుము నొప్పి. ఏడాదిగా బెల్టు పెట్టుకుంటున్నా. ఎమ్మారై తీయించుకోవాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది పాప ఇంకా పెద్దమనిషి కాలేదన్న సంగతి. అంటే ఇంకా చాలా ఎత్తు పెరుగుతుంది. వెన్ను వంకర ముదిరేదీ ఆ పెరిగే వయసులోనే. ఎక్స్‌రేలో వంకర 10 డిగ్రీలు, ఆపైన ఉంటే స్కోలియోసిస్ అంటాం. పెరిగే పిల్లల్లో అది 25 నుంచి 40 మధ్య ఉంటే బ్రేసు వేస్తాం. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. మీ పాప 28 దగ్గర ఉంది కాబట్టి బ్రేసుకు ఇదే సరైన టైం. మర్దనకని ఆ మూడు నెలలు పోగొట్టుకోవద్దని మిమ్మల్ని బతిమాలి చెబుతున్నా.

మర్దన పట్టేసిన కండరాలకు హాయినిస్తుంది. ఎముకల వంకరను మాత్రం తీయదు. బ్రేసు కూడా వంకరను పూర్తిగా తీసేస్తుందని నేను చెప్పను. అది పెరగకుండా ఆపడానికే. అమెరికా, కెనడాల్లో 10 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. బ్రేసు వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి ఎదుగుదల ఆగేదాకా వంకర 50 డిగ్రీలకు చేరలేదు. వేసుకోనివాళ్లలో అలా గట్టెక్కింది 48 శాతమే. రోజుకు 13 గంటలు, అంతకంటే ఎక్కువ వేసుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా బయటపడ్డారు. మీ డాక్టరు ఇంకా ఎక్కువ గంటలు చెబితే అలాగే చేయండి. కొని బీరువాలో పెడితే ఏ లాభమూ లేదు.

మన ఎండల్లో అది తేలిక కాదని నాకు తెలుసు. లోపల కుట్లు తగలని మెత్తటి నూలు బనియన్, ఒక్క ముడత లేకుండా వేయండి. చెమట పడితే మార్చండి. స్నానానికి, ఆటలకు తీయొచ్చు. తీసినప్పుడల్లా ఒళ్లు చూడండి. ఎర్రటి మచ్చ అరగంటలో పోతే భయం లేదు. పోకపోయినా, తోలు లేచినా బ్రేసు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి అంచు సరిచేయించండి. నొప్పి పుడుతోందని పిల్ల మూలకు పడేసేది చాలావరకు ఇలాంటి చిన్న అంచు వల్లే. చున్నీ, వదులు టాప్ వేస్తే బ్రేసు పెద్దగా కనబడదు. రెండు మూడేళ్లు బ్రేసు వేసిందని సంబంధాలు ఆగవమ్మా, ఆ మాట పాప చెవిన పడనీయకండి.

బ్యాగు వల్ల ఇది రాదు. ఇలాంటి పిల్లల్లో 80 శాతం మందికి కారణం తేలదు. మీ తప్పూ లేదు, పాప తప్పూ లేదు. జర్మనీలో కాథరీనా ష్రోత్ అనే ఆవిడ 1921లో మొదలుపెట్టిన వ్యాయామాలున్నాయి. వంకర లోపలికి నొక్కుకుపోయిన వైపుకి ఊపిరి నింపుతూ చేస్తారు. బ్రేసుకు తోడుగా మంచివే, కానీ ఆ శిక్షణ ఉన్న ఫిజియో దగ్గరే నేర్చుకోవాలి. నాలుగైదు నెలలకోసారి నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి. 28 కాస్తా 31 అని వస్తే కంగారు పడకండి, కొలతలోనే ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది.

ఇక మీ నడుము. పాపకు పనికొచ్చే పట్టీ మీకు పనికిరాదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో, దీర్ఘకాలం ఉండే మామూలు నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (నడుమును సాగదీసి లాగే చికిత్స) వద్దనే ఉంది. మంచం పట్టడం కూడా వద్దు. బెల్టును రోజూ కాసేపు తగ్గిస్తూ మానేయండి. మిర్చి ఏరేటప్పుడు అరగంటకోసారి లేచి, చేతులు నడుము మీద పెట్టి వెనక్కి నాలుగైదుసార్లు వంగండి. వంగి ఒక సాలు ఏరితే ఇంకోటి కూర్చుని ఏరండి. పొద్దున చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించండి. పదిసార్లు చాలు. సాయంత్రం నడవండి.

ఎమ్మారై ఇప్పుడే వద్దు. ఏ నొప్పీ లేని నలభై ఏళ్లవాళ్లలోనూ దాదాపు సగం మందికి స్కానులో డిస్కు (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు) ఉబ్బు కనబడుతుంది. ఆ రిపోర్టు చూసి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. అయితే మూత్రం, దొడ్డి అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు బలం తగ్గినా ఆ రోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. జ్వరంతో నొప్పి ఉన్నా, ఊరికే బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించండి.

మీ చిన్నమ్మాయి ఉంటే ఆమెనూ చూడండి. కాళ్లు దగ్గర పెట్టి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమని, వెనక నిలబడి చూడండి. వీపు ఒకవైపు ఎత్తుగా ఉంటే ఆమెకూ ఎక్స్‌రే తీయించాలి. ఇది కొన్ని ఇళ్లలో అక్కాచెల్లెళ్లిద్దరికీ వస్తుంది.