గుంటూరులో సిటీ బస్సు నిలబడాలంటే ముందు నిమిషాలు లెక్కపెట్టండి

ప్రశ్న: గుంటూరు లాంటి ఊళ్లలో సిటీ బస్సులు పెడితే నిజంగా నడుస్తాయా, లేక షేర్ ఆటోల ముందు చేతులెత్తేస్తాయా?

నడుస్తాయి. కానీ మన ఊళ్లలో ఎప్పుడూ పెట్టే పద్ధతిలోనే పెడితే మాత్రం కొన్నాళ్లకే ఎత్తేస్తారు, "జనం ఎక్కడం లేదు" అని రిపోర్టు కూడా రాస్తారు. ఊరికి ఎన్ని బస్సులు వచ్చాయన్నది పేపర్లో హెడ్డింగుకి పనికొస్తుంది. స్టాపులో నిలబడ్డ మనిషికి కావాల్సింది ఒక్కటే, ఇంకెన్ని నిమిషాలు?

బస్సు ఎలా చచ్చిపోతుందో లాడ్జి సెంటర్‌లో సాయంత్రం ఆరింటికి నిలబడితే కళ్లారా కనిపిస్తుంది. కాలేజీ పిల్లలు, షాపుల్లో పని ముగించుకున్న ఆడపిల్లలు, ఆస్పత్రికి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు అంతా రోడ్డు మీదే ఉంటారు. ఆటో రెండు మూడు నిమిషాలకొకటి వచ్చి ఆగుతుంది. బస్సు నలభై నిమిషాలకొకటి. బస్సు టైము ప్రయాణికులకి తెలియకపోయినా ఆటోవాళ్లకి కంఠతా వచ్చు. సరిగ్గా దానికి రెండు నిమిషాల ముందు నాలుగు ఆటోలు వరుసగా బయల్దేరి స్టాపులన్నీ ఊడ్చుకుంటూ పోతాయి. వెనక వచ్చే బస్సుకి మిగిలేది పాసు ఉన్న పిల్లలు, పెద్ద మూటలవాళ్లు. నెలాఖరుకి డిపోలో ఈపీకే, అంటే కిలోమీటరుకి వచ్చే రాబడి, చూస్తారు. పడిపోయి ఉంటుంది. మధ్యాహ్నం రెండు ట్రిప్పులు కోసేస్తారు. అప్పుడు బస్సు గంటకొకటి అవుతుంది, కాస్తో కూస్తో ఎదురుచూసేవాళ్లు కూడా ఆటో ఎక్కేస్తారు. ఈపీకే ఇంకా పడుతుంది. చివరికి రూటే ఉండదు.

ఇక్కడ లెక్క చాలా చిన్నది, ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. రూటు పొడవు 12 కిలోమీటర్లు అనుకోండి. రద్దీ వేళ సగటు వేగం గంటకి 15 కిలోమీటర్లు దాటదు కాబట్టి పోవడానికి 48 నిమిషాలు, రావడానికి 48. రెండు చివరలా ఏడేసి నిమిషాలు ఆగాలి. మొత్తం 110 నిమిషాలు. పది నిమిషాలకో బస్సు కావాలంటే 110ని పదితో భాగించాలి, 11 బస్సులు. ఒకటి స్పేర్, మొత్తం 12. అదే రూటుకి మూడే బస్సులిస్తే ఒకదానికీ మరోదానికీ మధ్య 37 నిమిషాలు. ఆ మూడింట్లో ఒకటి బ్రేక్‌డౌన్ అయితే ఒకచోట 73 నిమిషాల ఖాళీ పడుతుంది. పదకొండులో ఒకటి ఆగితే పడే ఖాళీ 20 నిమిషాలే. అందుకే 36 బస్సులొస్తే పన్నెండు రూట్లకి మూడేసి పంచడం కన్నా మూడు రూట్లకి పన్నెండేసి ఇవ్వడం వెయ్యి రెట్లు మేలు. మిగతా కాలనీలవాళ్లు గొడవ చేస్తారు, కార్పొరేటర్లు లేఖలు పట్టుకొస్తారు. అక్కడ తలొగ్గితే ఎవరికీ పనికిరాని సర్వీసు తయారవుతుంది.

చివరలో ఆగే ఆ ఏడు నిమిషాలు దండగ అనుకుని రెండుకి తగ్గించే మహానుభావులుంటారు. ఆ ఏడు నిమిషాలు లేకపోతే ఉదయం తొమ్మిదింటికి పడ్డ ఆలస్యం రాత్రిదాకా మోయాల్సిందే. రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని వస్తాయి. ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా.

గుంటూరుకి ప్రత్యేకమైన చిక్కు రైలు పట్టాలు. అరండల్‌పేట, బ్రాడీపేట ఒకవైపు, పెద్దాస్పత్రి, మార్కెట్, బస్టాండు ఇంకోవైపు. శంకర్‌విలాస్, మూడు వంతెనలు, కంకరగుంట, ఇలా దాటే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకచోట పనులు జరిగినా, మూడు వంతెనల కింద వాననీళ్లు నిలిచినా మిగతా దారులన్నీ బిగుసుకుపోతాయి. కాబట్టి పట్టాలు దాటే ప్రతి రూటుకీ రెండో దారి, ఆ దారిలో పట్టే టైము ముందే రాసి డ్రైవర్ చేతిలో పెట్టాలి. నా దృష్టిలో మొదటి రూటు గోరంట్ల నుంచి లాడ్జి సెంటర్, పెద్దాస్పత్రి, మార్కెట్, బస్టాండు, ఆటోనగర్, పెదకాకాని మీదుగా నాగార్జున యూనివర్సిటీ దాకా. ఇది పన్నెండు కిలోమీటర్లకి మించిన రూటు, బస్సులు ఆ మేరకు ఎక్కువే పడతాయి. రెండోది చుట్టుగుంట, మిర్చి యార్డు వైపు. బ్రాడీపేట అడ్డరోడ్లలోకి బస్సుని దూర్చొద్దు, అక్కడికి ఆటోలే సరి.

ఆటోలతో యుద్ధం అనవసరం. చట్టం ప్రకారం ఆటోకి ఉండేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్, అంటే బండి మొత్తాన్ని అద్దెకి తిప్పే పర్మిట్. దారిలో మనిషికింత అని ఎక్కించుకుంటూ దించుకుంటూ పోయే హక్కు స్టేజ్ క్యారేజ్ పర్మిట్ ఉన్న బండికే. అయినా ఫైన్లతో ఆటోలని ఆపడం అయ్యే పని కాదు. బస్సు స్టాపుకి 50 మీటర్ల దూరంలో ఆటోలకి విడిగా స్టాండు గీసి ఇచ్చి, కాలనీల్లోంచి మెయిన్ రోడ్డుకి తెచ్చే గిరాకీ వాళ్లకి వదిలేయాలి. బస్సు స్టాపు కూడా జంక్షన్ దాటాక 30, 40 మీటర్ల తర్వాత ఉండాలి. సిగ్నల్‌కి ముందు పెడితే ఎక్కించుకున్నాక మళ్లీ ఎర్రలైటుకి ఆగాలి. మన షెల్టర్లేమో ఫ్లెక్సీ బాగా కనపడే చోట కడతారు. బస్సు ఒకచోట, షెల్టర్ ఒకచోట, జనం ఎండలో మధ్యలో.

రోడ్డు వేస్తే బస్సు దానంతట అదే వస్తుందనుకునేవాళ్లు ఒకసారి విజయవాడ వెళ్లి సత్యనారాయణపురం దగ్గర బీఆర్‌టీఎస్ రోడ్డు చూడండి. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పథకం డబ్బుతో బస్సుల కోసమే మధ్యలో దారి వదిలారు. పేరైతే నిలిచింది, అడ్రసులు చెప్పడానికి పనికొస్తోంది. అనుకున్నట్టు నిమిషాలకో బస్సు మాత్రం ఆ దారిలో తిరగలేదు. కాంక్రీటుకి బడ్జెట్ దొరికినంత సులువుగా రోజూ బస్సు తిప్పడానికయ్యే జీతాలకీ ఇంధనానికీ దొరకదు, నా బాధంతా అదే.

2023లో కేంద్రం తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ అనే ఎలక్ట్రిక్ బస్సుల పథకం ఆ లోటు కొంత పూడుస్తుంది. కొనడానికి కాకుండా తిరిగిన కిలోమీటరుకి పదేళ్లపాటు సాయం ఇస్తారు. కానీ ఎలక్ట్రిక్ బస్సుకి దాని లెక్కలు దానికున్నాయి. పైన చెప్పిన 12 కిలోమీటర్ల రూటులో బస్సు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఎనిమిది రౌండ్లు కొడితే 192 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో తిరిగే తొమ్మిది మీటర్ల బస్సు కిలోమీటరుకి ఇంచుమించు ఒక యూనిట్ తాగుతుంది. అంటే రోజుకి దాదాపు 190 యూనిట్లు, రాత్రి చార్జింగ్‌లో ఎక్కే 150 చాలవు, పగలు ఓ గంట పెట్టాలి. ఆ గంట పదకొండున్నరకీ మూడున్నరకీ మధ్య వంతులవారీగా ఉండాలి, అన్నీ ఒకేసారి డిపోకి పోతే రోడ్డు ఖాళీ. నూరు బస్సుల డిపోలో రాత్రి ఆరు గంటల్లో బస్సుకి 150 యూనిట్లు ఎక్కించాలంటే రెండున్నర మెగావాట్లు కావాలి. ఆ లైను, సబ్‌స్టేషన్ బస్సులకన్నా ముందు సిద్ధం కావాలి. బస్సులొచ్చాక దరఖాస్తు పెడితే అవి డిపోలో దుమ్ము పడతాయి.

కిలోమీటరుకింత అని బస్సులు నడిపే ప్రైవేటు ఆపరేటర్‌కి కట్టే ఒప్పందంలో ఇంకో ప్రమాదముంది. జనం ఎక్కినా ఎక్కకపోయినా అతని డబ్బు అతనికి వస్తుంది కాబట్టి స్టాపులో ఆపకుండా పోయే బస్సులు తయారవుతాయి. వదిలేసిన స్టాపుకీ, ఐదు నిమిషాలు దాటిన ఆలస్యానికీ జీపీఎస్ చూసి కోత పడేలా ఒప్పందంలోనే రాయాలి.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్ర ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి ఉచితం. ఇది బస్సుకి పెద్ద బలం, అయినా మూడు కిలోమీటర్ల ప్రయాణానికి నలభై నిమిషాలు నిలబడాలంటే డబ్బు పెట్టి ఆటో ఎక్కుతారు, వాళ్ల టైముకీ విలువుంది. కండక్టర్ జీరో టికెట్, అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చే టికెట్, కొట్టడం మాత్రం మానకూడదు. రద్దీలో వదిలేస్తే ఆ ట్రిప్పు కాగితం మీద ఖాళీగా కనపడుతుంది, కోతకి మొదట అదే దొరుకుతుంది.

మనుషుల లెక్క కూడా ముందే వేయండి. పదకొండు బస్సులు రెండు షిఫ్టులంటే రోజుకి 22 మంది డ్రైవర్లు. వారానికో సెలవు కలిపితే 26, జబ్బులూ పెళ్లిళ్లూ కలిపితే 28. ఇరవై ఇద్దరితోనే మొదలుపెడితే మొదట ఎగిరిపోయేది రాత్రి తొమ్మిదిన్నర ట్రిప్పు. షాపు మూసుకుని వచ్చే మనిషికి ఆ బస్సు రెండు రోజులు రాకపోతే మూడో రోజు పొద్దున్నే బైకు బయటికి తీస్తాడు. ఒకవైపు పోయినట్టు కనిపించినా డిపోకి పోయింది రెండు టికెట్లు. అందుకే మనుషులు తక్కువైన రోజున మధ్యాహ్నం రెండింటి ట్రిప్పు ఆపండి, ఆఖరి బస్సు జోలికి పోకండి.