కొళాయి కాడ పంచాయితీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల వేసవి నీళ్ల గురించి రాయమన్నందుకు సంచి నిండా ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా కర్నూలు నుంచే, అందుకని ఈసారి మొత్తం ఆ ఊరికే వదిలేశాను. అనంతపురం, కడప వాళ్లు అలగొద్దు, మీ వంతు వస్తుంది. నేను మునిసిపల్ నీటి విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని, కాబట్టి కొన్నిచోట్ల పాత డిపార్టుమెంటును వెనకేసుకొస్తాను, ఇంకొన్నిచోట్ల తిడతాను. రెండూ అలవాటే.

మా ఊరికి ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, ఊళ్లోంచే కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ). ఇన్ని పెట్టుకుని ఏప్రిల్ వచ్చేసరికి మా వీధిలో బిందెలు వరస కడతాయి. నీళ్లు లేవా, ఇవ్వడం చేతకాదా? ఏదో ఒకటి సూటిగా చెప్పండి.
– ఒక గృహిణి, కల్లూరు

నీళ్లు ఉన్నాయమ్మా. కావాల్సిన రోజున కావాల్సిన చోట ఉండవు, అంతే.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం, కాగితం పెన్ను తెచ్చుకోండి. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు నగరం 4.30 లక్షలు. పైపులైన్లు, డ్రైనేజీ ఉన్న ఊళ్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్రం లెక్క. రెండూ గుణిస్తే రోజుకు 5.8 కోట్ల లీటర్లు. పేపర్లో పొద్దున లేస్తే కనిపించే టీఎంసీ ఉంది చూశారా, ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. అంటే ఒక్క టీఎంసీ ఆ జనాభాకు 488 రోజులు వస్తుంది. ఇప్పుడు జనం పెరిగారు, సరే, ఆరు లక్షలనుకోండి, అయినా సుమారు 350 రోజులు. కేసీ కెనాల్‌కు ఉన్న కేటాయింపు 39.9 టీఎంసీలు. పొలాల నీళ్ల పక్కన పెడితే మనం తాగేది, స్నానం చేసేది, బట్టలుతికేది అంతా కలిపినా పప్పులో వేసిన ఉప్పంత.

మరి తిప్పలెందుకు? తుంగభద్ర మనకు నాలుగు నెలల నది. జూలై నుంచి అక్టోబరు దాకా ఒడ్డు తెగేలా పారుతుంది, మార్చికల్లా బండలు తేలతాయి. ఆ కాలువ మొదలయ్యే సుంకేసుల బ్యారేజీ పట్టేది 1.2 టీఎంసీలే, అదీ నిండుగా ఉన్నప్పటి మాట. అందులోంచే కాలువ రైతులకూ పోవాలి. ఎండాకాలంలో అంత వెడల్పు నీటి మీద నుంచి రోజుకు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది, దాన్ని ఏ ఇంజినీరూ ఆపలేడు.

అందుకే ఊరికి సొంత కుండ ఒకటి ఉండాలి. మీ మునగాలపాడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకు ఆ కుండే. కాలువ పారేటప్పుడు నింపుకోవాలి, ఎండినప్పుడు తోడుకోవాలి. అది కూడా అడుగంటితే గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి హంద్రీలోకి నీళ్లు వదలమని అడుగుతారు. ఆ వదిలిన నీళ్లు ఊరు చేరేలోపు ఇసుక కొంత తాగుతుంది, గుంతలు కొంత ఆపుకుంటాయి, ఒడ్డు మీది మోటార్లు కొంత లాగేస్తాయి. కుండలో పోసినవి కుండలో ఉంటాయి, ఏట్లో వదిలినవి దారి పొడుగునా అందరివీ.

నా మట్టుకు నాకు అనిపించేది ఇది: కర్నూలు ఏప్రిల్ ఎలా ఉంటుందో జనవరిలోనే తేలిపోతుంది. జనవరి చివర ఆ ట్యాంకు అంచుదాకా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మనమేమో ఏప్రిల్‌లో ఖాళీ బిందెలతో రోడ్డెక్కుతాం, జనవరిలో సంక్రాంతి ముగ్గుల్లో ఉంటాం. అధికారులకు కూడా అదే హాయి.

(ఇంకో ముక్క. ఈ కేసీ కెనాల్‌ను 1860ల్లో తవ్వింది ఒక ఇంగ్లీషు కంపెనీ, పొలాలకు నీళ్లతో పాటు పడవలు నడిపి డబ్బు చేసుకుందామని. లెక్క తప్పి నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవల కోసం కూడా తవ్విన కాలువ ఇప్పుడు మన గొంతు తడుపుతోంది.)

సార్, మా పక్కింటాయన కొళాయి పైపుకే నేరుగా మోటారు బిగించాడు. ఆయన స్విచ్ వేయగానే మా కొళాయిలో సన్నటి దారం కూడా రాదు. అడిగితే "మీరూ పెట్టుకోండి, ఎవరొద్దన్నారు" అంటాడు. పెట్టుకోమంటారా?
– ప్రైవేటు ఉద్యోగి, వెంకటరమణ కాలనీ

వద్దు నాయనా. మీరు పెడితే మీ అవతలాయన పెడతాడు, ఆయన హార్స్‌పవర్ పెంచితే మీరూ పెంచాలి, చివరికి వీధిలో నీళ్లు అవే ఉంటాయి, కరెంటు బిల్లు ఒక్కటే పెరుగుతుంది.

అయితే నీళ్లు దొంగిలించడం కంటే పెద్ద సంగతి ఇందులో ఉంది, అది మీ పక్కింటాయనకు చెప్పండి, తన కడుపు కోసమైనా వింటాడేమో. కూల్‌డ్రింక్ తాగే స్ట్రాకు మధ్యలో గుండుసూదితో ఒక చిల్లు పెట్టి పీల్చి చూడండి. కూల్‌డ్రింకుతో పాటు బయటి గాలి కూడా నోట్లోకి వస్తుంది. మన వీధి పైపుల సంగతీ అంతే. పాత లైన్లకు జాయింట్ల దగ్గర, ఇంటి కనెక్షన్లు తీసినచోట సన్నటి చిల్లులుంటాయి, చాలాచోట్ల ఆ పైపు మురుగుకాలువ పక్క నుంచో, ఏకంగా కాలువలోంచో పోతుంది. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు చిల్లులోంచి మంచినీళ్లు బయటికి కారతాయి, నష్టం నీళ్లకే. మోటారు పీల్చడం మొదలుపెట్టాక తిరగబడుతుంది, కాలువ నీళ్లు పైపులోకి వస్తాయి. ముందుగా వచ్చేది ఎవరింటికి? ఎవరు పీలుస్తున్నారో వాళ్లింటికే.

మోటారు లేకపోయినా, నీళ్లు ఆపేసిన గంటల్లో పైపు ఖాళీ అవుతూ కొంత ఇలాగే పీలుస్తుంది. కొళాయి తిప్పగానే మొదట 'బుస్‌స్' మని గాలి, తర్వాత టీ డికాక్షన్ రంగు నీళ్లు, ఆ తర్వాత తెల్లటివి వస్తాయి కదా, ఆ మొదటి రెండు బిందెలు చెట్లకు పోయండి.

నా ఉద్యోగం తొలిరోజుల్లో ఒక చిన్న మునిసిపాలిటీలో నీళ్లు వదిలే పెద్దాయన ఒకరుండేవారు. భుజాన నడుం ఎత్తు ఇనప కడ్డీ, కింద చతురస్రపు మూతి, పైన అడ్డంగా పిడి. తెల్లవారుజామున నాలుగున్నరకు గుంత మూత తీసి, కడ్డీ దించి, పెదాలు కదుపుతూ వాల్వు చుట్లు లెక్కపెట్టేవారు. పద్నాలుగు చుట్లకు పెద్ద వీధికి, ఇంకో మూడు తిప్పితే మిట్ట మీది హరిజనవాడకు ఎక్కుతాయి, ఆ మూడూ తిప్పకపోతే వాళ్లకు ఆ రోజు లేవు. ఆఫీసులో గోడకున్న మ్యాపు తప్పు, ఆయన తలకాయలోది కరెక్టు. కూతురి పెళ్లికి పది రోజులు సెలవు పెట్టారు, నాలుగో రోజుకే మూడు వార్డులు ఆఫీసు ముందున్నాయి. ఆ మ్యాపును కాగితం మీద పెట్టాలని మాకెవ్వరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మీ వీధికి మోటారు వల్ల రావడం లేదా, ఆ చివరి మూడు చుట్లు తిప్పక రావడం లేదా అన్నది కూడా చూడండి. పక్కింటి మోటారు ఆపినప్పుడు కూడా సన్నగానే వస్తుంటే రెండోదే కారణం కావొచ్చు.

చేయాల్సింది: మోటారు నేరుగా బిగించినట్టు మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి కాగితం ఇవ్వండి, ఒక్కరు కాకుండా ఐదారు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి ఇవ్వండి. పక్కింటాయనకు నిజంగా మేడ మీద ట్యాంకు నింపుకోవాల్సి ఉంటే నేలలో సంపు కట్టుకుని, కొళాయి నీళ్లు దాంట్లోకి వాటంతటవి పడనిచ్చి, సంపులోంచి మోటారు వేసుకోవచ్చు. అందులో తప్పేం లేదు.

కొళాయి నీళ్లకు బ్లీచింగ్ వాసన. అందుకని క్యాన్ నీళ్లు కొంటున్నాం. మంచిదేనా?
– టీచర్, బి.క్యాంపు

వాసన వచ్చిందంటే నేనైతే సంతోషిస్తాను, టీచరమ్మా. నదిలోంచి వచ్చిన నీళ్లలో పటిక కలిపితే మట్టి కుదురుకుని అడుగుకు దిగుతుంది, తేటను ఇసుక బెడ్ల మీదుగా వడగడతారు, చివర క్లోరిన్ కలుపుతారు. ఆ క్లోరిన్ మీ కొళాయి దాకా కాస్త మిగిలి రావాలి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు అని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. చిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే నిమ్మపండు రంగు రావాలి. ఫిల్టర్ హౌస్ దగ్గర చిక్కటి పసుపు, ఊరి చివర కొళాయి దగ్గర ఏ రంగూ లేదు, అలాంటి వీధులే నాకు టెన్షన్ పెట్టేవి. వాసన నచ్చకపోతే బిందెలో పట్టి మూత తీసి ఒక గంట ఉంచండి, చాలావరకు పోతుంది.

క్యాన్ నీళ్లంటే అన్నీ చెడ్డవని అనను. కానీ ఆర్వోలో వడగట్టిన నీళ్లలో క్లోరిన్ మిగలదు, క్యాన్ సరిగా కడగకపోతే కాపాడేదేమీ ఉండదు. లోపల చెయ్యి పెట్టి చూడండి, గోడ జారుడుగా తగిలితే ఆ షాపు మానేయండి. టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీళ్లకు ఆర్వో అక్కర్లేదు. బోరు నీళ్లు తాగేవాళ్ల సంగతి వేరు, మన జిల్లాల్లో ఫ్లోరైడ్ ఉన్నచోట్ల అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, కాచినా అది పోదు సరికదా చిక్కబడుతుంది.

మురుగు వాసన వస్తే మాత్రం ఇవేవీ వద్దు. ఆపేసి, కబురు చేసి, బాగుపడేదాకా కాచిన నీళ్లే తాగండి. 2009 అక్టోబర్ 2న వరద ఊళ్లోకి వచ్చినప్పుడు కర్నూలు వాళ్లు చూశారుగా, నిలువెత్తు నీళ్ల మధ్య నిలబడి తాగడానికి గుక్కెడు లేకపోవడం ఎలా ఉంటుందో.

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయిందని అందరూ హడావిడి చేశారు. హోస్పేట్‌లో గేటు ఊడితే మా కొళాయికేంటి?
– డిగ్రీ విద్యార్థి, నంద్యాల చెక్‌పోస్ట్

కేసీ కెనాల్ వాటాలో 10 టీఎంసీలు ఆ డ్యామ్‌లో నిల్వ ఉండి రావాల్సినవి. మిగతాది నదిలో పారితే పట్టుకునేది. నది ఎండాక దిక్కు ఆ పదే. గేటు ఊడి ఆగస్టులో నీళ్లు పోయినా తర్వాత వానలతో పూడ్చుకోవచ్చు, అదే డిసెంబరులో పోయి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగి ఉండేవారు కాదు, బిందె పట్టుకుని ఉండేవారు.

రోజు విడిచి రోజు వచ్చే నీళ్లకు పన్ను ఎందుకు కట్టాలి?
– చిరువ్యాపారి, పాతబస్తీ

నీళ్లు దేవుడిచ్చినవే అన్నా, పైకి ఎక్కించే కరెంటు మాత్రం దేవుడివ్వడు. వెయ్యి లీటర్లను నది నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా మొత్తం 60 మీటర్లు ఎత్తాల్సి వస్తుందనుకుంటే సుమారు పావు యూనిట్ కాలుతుంది. పావే కదా అనిపిస్తుంది, పైన చెప్పిన 5.8 కోట్ల లీటర్లకు అది రోజుకు 14,500 యూనిట్లు. ఇంకా పటిక, క్లోరిన్, జీతాలు, పగిలిన పైపులు వేరే. అదే వెయ్యి లీటర్లు మీరు 20 లీటర్ల క్యాన్లలో కొంటే 50 క్యాన్లు, ఒక్కోటి పది రూపాయలనుకున్నా 500. పన్ను కట్టండి, రసీదు పట్టుకుని గట్టిగా అడగండి. మీ కోపం న్యాయమైనదే కానీ, బకాయి ఉన్నవాడి గొంతు కౌంటర్ దగ్గర లేవదు.

24 గంటలూ నీళ్లు ఇస్తామని ప్రతి ఎన్నికల్లో చెబుతారు. రెండు గంటలకే దిక్కులేదు, 24 గంటలు ఎక్కడి నుంచి తెస్తారు?
– రిటైర్డ్ ఉద్యోగి, అశోక్‌నగర్

నేను కూడా ఒకప్పుడు ఇలాగే నవ్వేవాణ్ని. మన పక్కనే హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డుల్లో 2008 నాటికే 24 గంటల నీళ్లు వచ్చాయి. తర్వాత పరీక్షలు చేస్తే, ఆగి ఆగి వచ్చే వార్డుల కంటే అక్కడి కొళాయిల్లో మలినం బాగా తక్కువని తేలింది, కారణం ఇందాకటి స్ట్రా కథే, ఎప్పుడూ నిండుగా ఉన్న పైపులోకి మురుగు చొరబడదు. ఒడిశాలో పూరీ 2021 జూలైలో ఇంకో మెట్టెక్కింది, కొళాయి కింద దోసిలి పట్టి తాగొచ్చని ప్రకటించింది.

మన ఇళ్లలో జరిగేది గమనించండి. ఈ రోజు నీళ్లు రాగానే మొన్న పట్టిన బిందెలు, డ్రమ్ములు 'పాత నీళ్లు' అని వాకిట్లో పారబోసి కొత్తవి పడతాం. మా ఇంట్లోనూ అంతే, నేనెంత చెప్పినా మా ఆవిడ వినదు. రేపు వస్తాయో రావో అన్న భయంతో పట్టినవి, వచ్చాయన్న ధీమాతో పోయినవి. ఎప్పుడు తిప్పినా వస్తాయని తెలిస్తే ఎవరూ డ్రమ్ము నింపరు. అందుకే 24 గంటలకు నీళ్లు రెట్టింపు అక్కర్లేదు, గట్టి పైపులు, ఇంటింటికీ మీటరు కావాలి. పైపులు మార్చాలంటే రోడ్లు తవ్వాలి, మీటరు పెట్టాలంటే ఓట్లు పోతాయని భయం. హామీ ఇచ్చేవాళ్లు ఈ రెండో మాట ఎత్తరు. ఈసారి మీ వీధికి ఓటు అడగడానికి వస్తే 24 గంటల సంగతి తర్వాత, మీటర్ల సంగతేమిటో అడగండి. ఏం జవాబిచ్చారో నాకు రాయండి, అచ్చు వేస్తాను.