సొంతంగా డాక్యుమెంటరీ తీయాలంటే ముందు ఎవరు కావాలి?

కెమెరా ఉంది, ఎడిటింగ్ వచ్చు, ఒక్కరే డాక్యుమెంటరీ తీయగలరా, డబ్బు ఎవరిస్తారు అని అడిగారు. తీయొచ్చు. కానీ పోచంపల్లి వైపు చేనేత కుటుంబాల మీద సినిమా తీసిన అనుభవంతో చెప్తున్నా, ఒక్కరే దిగకండి.

మాకు అన్నిటికంటే ముందు దొరికింది ఊళ్ళోని చేనేత సహకార సంఘంలో లెక్కలు రాసిన ఒక పెద్దాయన. ఆయన వెంట వచ్చి "మనోళ్ళే, మాట్లాడుండ్రి" అన్నాకే ఇళ్ళలోకి రానిచ్చారు. ఏ ఇంట్లో అప్పుల మాట ఎత్తకూడదో, ఏ మగ్గం మీద చీర పెళ్ళి ముహూర్తానికి దిగాలో, అందుకని ఆ వారం ఎవరిని కదిలించకూడదో ఆయనకే తెలుసు. ఇలాంటి మనిషి పేరు చివర్లో కృతజ్ఞతల కింద వేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. కెమెరామన్‌కి రాసినట్టే ఆయన రోజులకూ బడ్జెట్‌లో డబ్బు రాయండి.

రెండో మనిషి సౌండ్ రికార్డిస్టు. గుంటమగ్గం ఆడుతుంటే కెమెరా మీది మైకులో మనిషి గొంతు పడదు. మాతో వచ్చిన అమ్మాయి మగ్గం చప్పుడు విడిగా పట్టింది. తర్వాత మగ్గం, ఫ్యాను ఆపించి, కాలర్ మైకు పెట్టి మాటలు రికార్డు చేసింది. చివర్లో అందర్నీ ఊరకుండమని ఖాళీ గది శబ్దం కూడా పట్టుకునేది. ఎడిటింగ్‌లో మాటల మధ్య కోతలు తెలియకుండా అతికేది దాంతోనే.

ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకులకు చుట్టే పని) ఒక పెద్దమ్మ, మేకుల చుట్టూ దారం తిప్పుతూ, చెయ్యి ఆపకుండానే తన భుజం నొప్పి గురించి చెప్పింది. దారం మేకుకి తగిలే చిన్న చప్పుడు, మాట మధ్యలో ఆమె ఊపిరి బిగబట్టడం, రెండూ స్పష్టంగా వచ్చాయి. వ్యాఖ్యానం రాయాల్సిన పనే పడలేదు. (చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది తల్లి పడే ఈ నొప్పి చూడలేకే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.)

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ) సంఘం మహిళల గురించి తప్పకుండా తెలుసుకోండి. బడి మొహం చూడని దళిత మహిళా రైతులు కెమెరా నేర్చుకుని తమ విత్తనాల గురించి, పొలాల గురించి తామే సినిమాలు తీశారు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్ళు సంఘం షాట్ అంటారు. గుంటమగ్గం నేసే మనిషి కాళ్ళు గుంటలో పెట్టి నేలకి దగ్గరగా కూర్చుంటాడు. నిలబడి తీస్తే ఆయన్ని పైనుంచి చూసినట్టే. అందుకే మేం కెమెరాను నేల మీదికి దించాం.

ఎడిటర్‌గా షూటింగ్‌కి రాని మనిషిని పెట్టుకోండి. మీరు ఎంత కష్టపడి తీశారో తెలియనివాళ్ళే పనికిరాని షాట్ నిర్మొహమాటంగా తీసేస్తారు. మాటలన్నీ కాగితం మీద పెట్టడానికి ఆ యాస తెలిసినవాళ్ళు కావాలి. మాకు నేత కుటుంబం నుంచే ఒక డిగ్రీ విద్యార్థి దొరికాడు. ఫుటేజీ రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరువేరు ఇళ్ళలో ఉండాలి.

డబ్బు సంగతి. మాది ఎక్కువగా స్నేహితులు, బంధువులు తలా కొంత వేసుకున్నదే. గ్రాంట్ల కోసం బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ చూడండి. సినిమా ఆలోచనను నిర్మాతల ముందు, ఫెస్టివల్ వాళ్ళ ముందు పెట్టడానికి డాక్‌ఎడ్జ్ కోల్‌కతా అనే డాక్యుమెంటరీ వేదిక ఉంది. పాత వ్యాసాల్లో కనిపించే ఫిల్మ్స్ డివిజన్ (డాక్యుమెంటరీలు తీసిన కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది, కాబట్టి ఇప్పుడు అడగాల్సింది అక్కడే.

రఫ్ కట్, అంటే ఎడిటింగ్‌లో మొదట కూర్చిన సినిమా, ముందు ఆ ఊళ్ళోనే చూపించండి. మేం చూపించినప్పుడు ఒకాయన తన అప్పు అంకె తీసేయమన్నాడు, తీసేశాం. ఆ తర్వాతే హైదరాబాద్‌లో లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికలు, తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ జరిపే డాక్యుమెంటరీ ఫెస్టివల్. బయటి రాష్ట్రాల ఫెస్టివల్స్‌కి పంపాలంటే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కావాలి, కొన్నిచోట్ల ఎంట్రీ ఫీజు కూడా కట్టాలి. ఆ డబ్బు షూటింగ్‌కి ముందే పక్కన పెట్టుకోండి.