దేశానికో వ్యూహమా, అన్ని దేశాలకూ ఒకే వ్యూహమా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బహుళజాతి సంస్థల నిర్వహణ గురించి అడిగినవే ఎక్కువ. ఒకే విషయాన్ని అడిగిన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను ఎంబీఏ చదువుతున్నాను. బహుళజాతి సంస్థల వ్యూహాలను మా పాఠ్యపుస్తకం నాలుగు గళ్ల పట్టికలో చూపించి, వాటిలో ట్రాన్స్‌నేషనల్ వ్యూహమే (అన్ని దేశాలనూ కలిపి నడుపుతూనే స్థానికంగానూ స్పందించేది) మేలైనదన్నట్టు ముగిస్తుంది. నిజంగా యాభై, అరవై దేశాల్లో వ్యాపారం చేసే సంస్థ అన్నిచోట్లా ఒకే వ్యూహం పాటిస్తుందా, దేశానికొకటి తయారుచేసుకుంటుందా?

జవాబు: ఆ పట్టిక వెనక ఉన్న ఆలోచన సరైనదే. దాన్ని మొత్తం సంస్థకు ఒకేసారి అన్వయించబోవడంతోనే చిక్కంతా వస్తుంది. 1983లో థియోడోర్ లెవిట్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో, ప్రపంచమంతటా వినియోగదారుల కోరికలు దగ్గరవుతున్నాయని, కాబట్టి ఒకే సరుకును పెద్దఎత్తున తయారుచేసి అన్నిచోట్లా తక్కువ ధరకు అమ్మే సంస్థదే పైచేయి అవుతుందని వాదించారు. ఆ వాదనలో బలం ఉంది గాని, చట్టాలు, పంపిణీ మార్గాలు, కొనేవాళ్ల స్తోమత, స్థానిక పోటీదారులు దేశదేశానికీ మారుతూనే ఉన్నారు. అందుకే నిర్వహణ పరిశోధకులు సి.కె. ప్రహ్లాద్, ఈవ్ డోజ్ ఈ రెండు ఒత్తిళ్లనూ, అంటే అన్నిటినీ కలిపి నడపమనే ఒత్తిడినీ స్థానికంగా స్పందించమనే ఒత్తిడినీ, రెండు వేర్వేరు కొలతలుగా చూడాలని చెప్పారు. క్రిస్టఫర్ బార్ట్‌లెట్, సుమంత్ర ఘోషల్ ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మీ పుస్తకంలోని నాలుగు గళ్లూ అక్కడినుంచి వచ్చినవే.

పుస్తకాలు తరచు జారవిడిచే సంగతి ఒకటుంది. ఈ రెండు ఒత్తిళ్లనూ సంస్థ మొత్తానికి ఒకసారి తూచి ఊరుకోకుండా వ్యాపారం వారీగా, ఆ వ్యాపారంలో విభాగం వారీగా, విభాగంలో పని వారీగా తూచాలన్నది ఆ పరిశోధకుల అసలు మాట. సిమెంటు బరువెక్కువ, విలువ తక్కువ కాబట్టి దూరాలు మోసుకెళ్లడం గిట్టదు. ఉత్పత్తి నిర్ణయాలు చాలావరకు ఏ దేశానికి ఆ దేశంలోనే జరుగుతాయి. సెమీకండక్టర్ చిప్పు విషయంలో ఇందుకు పూర్తిగా తలకిందులు. ఒకే సంస్థ అమ్మే ఒకే బట్టల సబ్బును తీసుకున్నా, పరిశోధనను ఒకటి రెండు కేంద్రాలకు పరిమితం చేయడం లాభసాటిగా ఉంటుంది, ప్యాకెట్ పరిమాణం, ధర, ఏ దుకాణం ద్వారా అమ్మాలి అనేవి మాత్రం ఆయా దేశాల మేనేజర్లకు వదిలేయక తప్పదు. కాబట్టి వ్యూహం ఒకటా, అనేకమా అని అడిగే బదులు ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి అని అడిగితే మీకు సరైన దారి దొరుకుతుంది.

ఈ విషయంలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ 1984లో అమెరికాలో విడుదల చేసిన ద్రవరూప టైడ్‌ను గమనించదగ్గ ఉదాహరణగా చెప్పుకోవచ్చు. యూరప్ నీళ్లలో ఖనిజ లవణాలు ఎక్కువ కాబట్టి బ్రస్సెల్స్‌లోని పరిశోధకులు ఆ లవణాలను ఎదుర్కొనే పదార్థాల మీద పనిచేస్తూ వచ్చారు. జపాన్‌లో చన్నీళ్లతో ఉతకడం వల్ల అక్కడి బృందం జిడ్డును వదిలించే పదార్థాలను మెరుగుపరచింది. ఉతికేటప్పుడు వదిలిన మురికి మళ్లీ బట్టకు అంటుకోకుండా నీళ్లలోనే నిలిపి ఉంచే పదార్థం సిన్సినాటిలోని ప్రధాన కార్యాలయ పరిశోధనశాల నుంచి వచ్చింది. ఈ మూడూ కలిస్తే తయారైన సరుకది. మూడు ప్రాంతాల ఇబ్బందులు మూడు వేర్వేరు నేర్పులను పుట్టించాయి, ఆ నేర్పులను ఒకచోటికి చేర్చే ఏర్పాటు సంస్థలో ఉంది. ట్రాన్స్‌నేషనల్ అనే మాటకు నేనిచ్చే అర్థం ఇంతే. ఇది కాగితం మీద పట్టిక గీస్తే వచ్చేది కాదు. ఒక దేశంలోని ఇంజనీరు మరో దేశంలోని ఇంజనీరుతో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తేనే కుదురుతుంది.

ప్రశ్న: నేను ఒక విదేశీ సంస్థ శాఖలో పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఏటా మేము ప్రణాళిక, బడ్జెట్ తయారుచేసి పంపుతాం. ప్రధాన కార్యాలయం అంకెలు కోసి తిప్పి పంపుతుంది. మార్కెట్ గురించి మాకు తెలిసినదానికి విలువ లేనప్పుడు వ్యూహంలో మా పాత్ర ఏమిటి?

జవాబు: మీ బాధ చాలామందిది, అది న్యాయమైనదే. చాలా సంస్థల్లో ప్రణాళిక ఒకే తీరున నడుస్తుంది. పైనుంచి వృద్ధి శాతం, లాభాల శాతం, పెట్టుబడి పరిమితి వంటి మార్గదర్శకాలు వస్తాయి. శాఖలు వాటికి సరిపోయేలా అంకెలు నింపి పంపుతాయి. సమీక్షా సమావేశాల్లో బేరసారాలు జరిగి చివరి అంకె ఖాయమవుతుంది, ఆ తరవాత నెలనెలా దానితో పోల్చి చూస్తారు. అంకె కోతపడుతుందని శాఖకు ముందే తెలుసు కాబట్టి ఖర్చు పెంచి రాస్తుంది. పెంచి రాశారని పైవాళ్లకు తెలుసు కాబట్టి మరింత కోస్తారు. ఈ బేరంలో మార్కెట్ గురించిన నిజమైన సమాచారమే ముందుగా కొట్టుకుపోతుంది.

శాఖ మాట వినకపోతే ఏమవుతుందో ఫిలిప్స్ చరిత్ర చెబుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆ సంస్థ 1979లో యూరప్‌లో వీ2000 అనే వీడియో క్యాసెట్ పద్ధతిని తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచీ మాతృసంస్థకు దూరంగా, స్వతంత్రంగా ఎదిగిన అమెరికా శాఖ దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు. దానికి బదులు జపాన్‌కు చెందిన మత్సుషిత తయారుచేసిన, పోటీ పద్ధతైన వీహెచ్‌ఎస్ యంత్రాలను తీసుకుని తమ మాగ్నవాక్స్ పేరుతో అమ్మింది. తమ మార్కెట్ ఎటు పోతోందో అమెరికా మేనేజర్లు సరిగానే పసిగట్టారు. వీ2000 ప్రపంచ ప్రమాణంగా నిలవాలంటే మాత్రం అమెరికా తోడు తప్పనిసరి, అది దొరకనేలేదు. ఎవరిది తప్పు అని వెతకడం కన్నా, అంత పెద్ద నిర్ణయం మీద ఇరుపక్షాలూ ముందుగా కూర్చుని వాదించుకునే వేదిక ఎందుకు లేకపోయిందని అడగాలి.

ఈ ప్రశ్న మీద చాన్ కిమ్, రెనే మోబోర్న్ 1990ల మొదట్లో చేసిన పరిశోధన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ప్రపంచవ్యాప్త వ్యూహాన్ని శాఖల మేనేజర్లు మనస్ఫూర్తిగా అమలు చేయడం ఆ వ్యూహం తమకు లాభమా నష్టమా అన్నదాని మీద మాత్రమే ఆధారపడదని, అది తయారైన పద్ధతి న్యాయంగా ఉందా లేదా అన్నది అంతకంటే ఎక్కువ బరువు తూగుతుందని వారు చూపించారు. స్థానిక పరిస్థితి పైవాళ్లకు తెలిసి ఉండటం, మాట రెండువైపులా నడవడం, శాఖ తన అభ్యంతరాన్ని నిర్భయంగా చెప్పగలగడం, చివరి నిర్ణయానికి కారణాలు వివరించడం, అన్ని శాఖలకూ ఒకే నియమం పాటించడం వారు గుర్తించిన లక్షణాలు. మీ అంకె కోసినప్పుడు ఎందుకు కోశారో మీకు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే, ముందుగా అడగవలసింది అదే.

మీ చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. అన్ని శాఖలూ ఒకే పాత్ర పోషించనక్కర్లేదని బార్ట్‌లెట్, ఘోషల్ 1986లోనే రాశారు. చిన్న మార్కెట్‌లో ఉన్నా ప్రత్యేకమైన నేర్పు ఉన్న శాఖ, మొత్తం సంస్థకు ఆ నేర్పును అందించే స్థానం సంపాదించుకోవచ్చు. కాబట్టి మీ ప్రణాళికలో అమ్మకాల అంకెలతో పాటు, మీ దగ్గర విజయవంతమైన పద్ధతి ఏదైనా ఇంకో రెండు మూడు దేశాల్లో ఎలా ఉపయోగపడుతుందో స్పష్టంగా రాసి పంపండి. సాధ్యమైతే ఆ దేశాల మేనేజర్లతో ముందే మాట్లాడి, వారి మద్దతుతో పంపండి. ప్రధాన కార్యాలయం బడ్జెట్ కోసినంత తేలిగ్గా అలాంటి ప్రతిపాదనను కొట్టిపారేయలేదు.

ప్రశ్న: మా సంస్థలో ప్రతి మేనేజరూ దేశాధిపతికీ, ఉత్పత్తి విభాగం అధిపతికీ ఇద్దరికీ జవాబుదారీ. ఇద్దరు యజమానుల పద్ధతి నిజంగా అవసరమా?

జవాబు: కొన్ని వ్యాపారాలకు అవసరమే గాని, దాని ఖర్చు తెలిసి పెట్టుకోవాలి. స్వీడన్‌కు చెందిన ఆసెయా (ASEA), స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రౌన్ బొవేరి అనే విద్యుత్ పరికరాల సంస్థలు 1988లో కలిసి ఏబీబీగా ఏర్పడ్డాక, పెర్సీ బార్నెవిక్ నాయకత్వంలో ఈ మ్యాట్రిక్స్ పద్ధతిని ఎంతో దూరం తీసుకెళ్లారు. సుమారు 1300 కంపెనీలు, వాటిలో దాదాపు 5000 లాభ కేంద్రాలు (లాభనష్టాల లెక్క విడిగా చూసుకునే విభాగాలు) ఉండేవి. విద్యుత్ పరికరాలకు ఇది నప్పింది, ఎందుకంటే కొనేవాళ్లలో ఎక్కువమంది స్థానికతను కోరే ప్రభుత్వ విద్యుత్ సంస్థలు, సాంకేతికత మాత్రం ప్రపంచమంతటా ఒకటే. అయినా 1998లో ఆయన తరవాతి అధిపతి ఆ నిర్మాణాన్ని తొలగించి ఉత్పత్తి విభాగాలకే అధికారం ఎక్కువ ఇచ్చారు. ఇద్దరు అధిపతులు విభేదించినప్పుడు ఏ విషయంలో ఎవరి మాట చెల్లుతుందో రాతపూర్వకంగా లేని చోట ఆ భారమంతా కింది మేనేజరు మీద పడుతుంది. మీ సంస్థలో అలాంటి రాత ఉందేమో చూడండి.

ప్రశ్న: అంత డబ్బు, అంత అనుభవం ఉన్న సంస్థలు కూడా కొన్ని దేశాల్లో ఎందుకు ఓడిపోతాయి?

జవాబు: స్వదేశంలో తమను గెలిపించింది ఏమిటో సరిగ్గా తెలుసుకోకుండా బయలుదేరడం వల్ల అని నా అభిప్రాయం. వాల్‌మార్ట్ 1997 చివర, 1998లో రెండు దుకాణాల గొలుసులు కొని జర్మనీలో అడుగుపెట్టి, మొత్తం 95 దుకాణాలకు యజమాని అయింది. అమెరికాలో దాని తక్కువ ధరల రహస్యం, గోదాముల చుట్టూ దగ్గరదగ్గరగా దుకాణాలు ఉండటం. జర్మనీలో ఆ సాంద్రత లేదు, పైగా తక్కువ ధరల్లో ఆల్డీ, లిడిల్ అనే జర్మన్ దుకాణ సంస్థలు ముందే ఆరితేరి ఉన్నాయి. కొన్న ధర కన్నా తక్కువకు అమ్మడాన్ని పోటీ నియంత్రణ సంస్థ 2000లో అడ్డుకుంది. చివరికి 2006లో వాల్‌మార్ట్ దుకాణాలను మెట్రో అనే జర్మన్ సంస్థకు అమ్మేసి, సుమారు 100 కోట్ల డాలర్ల నష్టంతో వెనుదిరిగింది.

ఆన్‌లైన్‌లో కొనుగోళ్లు, అమ్మకాలు జరిపించే అమెరికా సంస్థ ఈబే చైనాలో నడిచిన కథ ఇంకా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ మొదట గెలుపు దాని చేతిలోనే ఉంది. 2003లో ఈచ్‌నెట్ అనే చైనా వెబ్‌సైట్‌ను పూర్తిగా కొన్నప్పుడు ఆ మార్కెట్‌లో పెద్ద వాటా దానిదే. 2004లో చైనా వెబ్‌సైట్‌ను ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న అమెరికా వేదిక మీదికి మార్చారు. నిర్వహణ దృష్టితో చూస్తే అది చక్కని ఏకీకరణ. ఆ తరవాత పేజీలు నెమ్మదించాయి, చిన్న మార్పు కావాలన్నా అమెరికా బృందాల వరుసలో నిలబడాల్సి వచ్చింది. అదే సమయంలో అలీబాబా సంస్థ పోటీ వెబ్‌సైట్ తావోబావో అమ్మకందారుల దగ్గర రుసుము తీసుకోలేదు, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నేరుగా మాట్లాడుకునే వీలు కల్పించింది, సరుకు చేరేదాకా సొమ్మును మధ్యలో భద్రంగా ఉంచే అలీపేను జతచేసింది. 2006 డిసెంబరులో ఈబే తన చైనా వ్యాపారాన్ని స్థానిక భాగస్వామితో ఉమ్మడి సంస్థలోకి మార్చేసింది. వేదికను ఒకటి చేస్తే మిగిలే డబ్బు లెక్కకు అందుతుంది, పోగొట్టుకున్న వేగం ఏ పద్దులోనూ కనిపించదు. ఏకీకరణ ప్రతిపాదన ఏది వచ్చినా బోర్డు ముందు ఈ రెండో భాగాన్ని ఎవరో ఒకరు ఉంచాలి, అది చాలావరకు స్థానిక మేనేజరే అయి ఉండాలి.

ప్రశ్న: ఇవన్నీ చెప్పుకునే మాటలు, అసలు ఏ దేశంలో ఏం పెట్టాలన్నది పన్నులే నిర్ణయిస్తాయని మా ఆడిటర్ అంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఫ్యాక్టరీని, అమ్మకాల బృందాన్ని పన్ను కోసం ఎక్కడికిపడితే అక్కడికి తరలించలేరు. పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, అప్పులు ఏ దేశంలోని కంపెనీ పేరు మీద ఉండాలన్న విషయంలో మాత్రం పన్నుల ప్రభావం చాలా ఉంది. ఒకే సంస్థకు చెందిన రెండు కంపెనీల మధ్య ధర, పరాయి కంపెనీల మధ్య ఉండే ధరలాగే ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. 2021లో 130కి పైగా దేశాలు, 75 కోట్ల యూరోలకు మించిన ఆదాయం ఉన్న సంస్థలకు కనీసం 15 శాతం పన్ను ఉండాలని అంగీకరించాయి, 2024 నుంచి చాలా దేశాలు దాన్ని అమలులోకి తెచ్చాయి. ఏ దేశంలో ఎంత లాభం, ఎందరు ఉద్యోగులు, ఎంత పన్ను అన్న వివరాలను పెద్ద సంస్థలు పన్ను అధికారులకు 2016 ఆర్థిక సంవత్సరం నుంచే ఇస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ ఇప్పుడు అలాంటి నివేదికలను ప్రజల ముందు పెట్టమంటోంది. అవి వచ్చినప్పుడు మీ ఆడిటర్‌తో కలిసి లాభాల వరుసను ఉద్యోగుల వరుసతో పక్కపక్కన పెట్టి చదవండి.